కట్టకు అవతలి చేపలు

మే 11, ఆదివారం

ఇవాళ కూడా తేలాయి. పొద్దున్నే నేనూ అత్తమ్మా వలతో లాగి గట్టున పోశాం. కళ్ళు తెల్లగా ఉబ్బిపోయాయి, ఒళ్ళు నల్లబడింది, అక్కడక్కడా పొలుసు ఊడి పుండు పడింది. ప్రాణం ఉన్నవి కూడా గుంపులో తిరగడం మానేసి, దేనికది నీటి పైన నోరు తెరుచుకుని పడి ఉన్నాయి. కర్రతో పొడిచినా కదలవు. జిలేబీ చేప, అదే తిలాపియా, మొండిది, మురుగులో వేసినా బతుకుతుంది అని ఊరంతా చెబితేనే కదా వేసింది!

మిరుగుకు ఇంకా నెల కూడా లేదు. మృగశిర కార్తె మొదటి రోజు చేప తినని తెలంగాణ ఇల్లు ఈ సూరత్‌లో, కోసాడ్ కాలనీల్లో ఒక్కటీ ఉండదు. మగ్గాల మీద పనిచేసే వాళ్ళందరూ ఆ రోజు సంచులు పట్టుకుని వస్తారు. వాళ్ళకు చచ్చిన చేప వద్దు, కళ్ళ ముందు ఎగిరే చేప కావాలి. ఆ ఒక్క రోజు అమ్మకం కోసమే ఏడాదంతా ఈ చెరువుకు చాకిరీ. అది పోతే వచ్చే ఏడు కౌలు కట్టలేను, పటేల్ భాయ్ చెరువు ఇంకొకరికి ఇచ్చేస్తాడు. ఆయన చేపను ముట్టడు. చేపల మీద కౌలు మాత్రం రెండు చేతులా ముట్టుకుంటాడు.

కట్టకు అవతల రాజమౌళి చెరువు. మధ్యలో ఒక మనిషి నడిచేంత కట్ట, అంతే. మేత చల్లగానే అతని చేపలు నీళ్ళు ఉడికినట్టు ఎగురుతున్నాయి. రాజమౌళి మా అత్తమ్మ చెల్లెలి కొడుకు, నాకు వరసకు మరిది. ఆ చేపలను చూస్తుంటే నాకు కడుపు మండిపోయింది.

మే 12

ఇవాళా అంతే. మేత వేయలేదు. తినేవి ఎక్కడున్నాయి గనక.

మే 14, బుధవారం

చేపల జబ్బులు చూసే ల్యాబ్ నుంచి ఇందుజ మేడమ్ వచ్చింది. రైల్వేలో చేసి రిటైరైన రామలింగేశ్వరరావు గారి అమ్మాయి. పుట్టి పెరిగింది సూరత్‌లోనే, మాట మాత్రం కోస్తా మాట. ఆమె ‘అండి’ అన్నప్పుడల్లా అత్తమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతుంది.

చిన్నవీ పెద్దవీ పట్టించి, తోక దగ్గర సూది గుచ్చి రక్తం తీసుకుంది.

“వైరస్‌లా ఉందండి. దీనికి మందు లేదు. చేప ఒళ్ళే పోరాడాలి.”

“చేప ఎట్ల కొట్లాడ్తది బిడ్డా, దానికి చేతులున్నయా కాళ్ళున్నయా?” అంది అత్తమ్మ.

మేడమ్ నవ్వి గట్టు మీదే గొంతుక్కూర్చుంది. ఒంట్లో ఒక కణంలోకి వైరస్ దూరగానే ఆ కణం చుట్టుపక్కల వాటికి కేకేస్తుందట, దొంగ వచ్చాడు తలుపులు వేసుకోండి అని. అవి గడియలు బిగించుకుంటాయి. అది మొదటి కాపలా. ఈలోగా రక్తం ఆ దొంగ మొహం గుర్తు పెట్టుకుని, వాడికి సరిపడే ఆయుధం తయారు చేసుకోవాలి. దానికి రెండు మూడు వారాలు పడుతుంది. అంతవరకు నిలబడిన చేప బతికినట్టే, మళ్ళీ అదే జబ్బు దాన్ని పడగొట్టలేదు. కాకపోతే బతికిన చేప ఒంట్లో దొంగ ఎక్కడో నక్కి ఉండి పక్క చేపకు అంటుకోవచ్చు. ఎండ, ఇరుకు, పట్టి బండిలో తిప్పడం, ఇవన్నీ చేపను బెదరగొడతాయి. బెదిరిన చేపలో కాపలా నిద్రపోతుంది.

“ఈ మధ్య బయటి నుంచి కొత్త చేపలేమైనా కలిపారా?” అని అడిగింది.

లేదన్నాను. అబద్ధమేం కాదు. ఏప్రిల్ చివర ఓంప్రకాష్ టెంపోలో తెచ్చిన పెద్ద చేపలు పెంచడానికి వేసినవి కావు. మిరుగు దాకా నీళ్ళలో దాచిన సరుకు అది. అమ్మకం రోజు పెద్దవి లేకపోతే జనం మొహం తిప్పుకుంటారు. ఓంప్రకాష్ మాత్రం బయటివాడా? మా ఆయనతో కలిసి మగ్గం నడిపినవాడు, మా ఇంట్లో అన్నం తిన్నవాడు. అయినా ఆ చేపలు గట్టివి. ఇంత చావులో వాటిలో ఒక్కటీ తేలలేదు.

మే 16

రాజమౌళి కట్ట మీద తన వైపంతా సున్నం చల్లాడు.

“వదినె, జర ఏమనుకోకు. నీ వల, నీ బకెట్లు గీ కట్ట మీద పెట్టకు. మీరు గటు నుంచే నడువుండ్రి.”

మైల మనిషితో మాట్లాడినట్టు దూరంగా నిలబడి చెప్పాడు. ఇది అంటుకునే జబ్బని నాకే మొన్న మేడమ్ చెబితే తెలిసింది. ఇతనికి ముందే ఎలా తెలిసింది? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడట వెనకటికి ఒకడు.

మే 17

బియ్యంలో రాళ్ళు ఏరుతుంటే గుర్తొచ్చింది. డిసెంబర్‌లో రాజమౌళి చెరువులో చేపలు చచ్చాయి. చలికి అన్నాడు. గుంట తీసి గుట్టుచప్పుడు కాకుండా పూడ్చాడు. ఫిబ్రవరిలో నాకు చేప పిల్లలు ఇచ్చింది ఆ చెరువులోంచే. “మన ఇంటి సరుకుండంగ బయట కొనుడెందుకు వదినె” అని నవ్వుతూ ఇచ్చాడు. ఆ నవ్వు ఇప్పుడు తెలుస్తోంది నాకు.

అది చలి కాదు. ఈ జబ్బే. వాడికి తెలుసు. బతికిన వాటి పిల్లలను తెలిసి తెలిసీ నాకు అంటగట్టాడు. రెండు చెరువులూ తనకే కావాలని పటేల్ భాయ్‌ని అడిగినవాడే కదా. నేను చెయ్యెత్తేస్తే నాదీ వాడిదే. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం వాడు.

వాడికి తెలుసు.

మే 18, ఆదివారం

సచిన్ ఊరి మగ్గాల కార్ఖానా నుంచి మా ఆయన వచ్చాడు. వారమంతా అక్కడే మగ్గాల గదిలో ఉండి, సెలవు రోజు ఇంటికొచ్చే మనిషికి నా గోడు ఏం పడుతుంది.

“పోనీరాదు ప్రమీలా. చేపలు సచ్చినయి, మనుషులు సావలే కద.”

“సచ్చినయి కాదు, నీ తమ్ముడు సంపిండు.”

“ఏంది, రాజమౌళా? సున్నం జల్లిండని గంత మాట అంటవా? గది సర్కారోళ్ళ ట్రైనింగ్‌ల చెప్పిన్రు. నిన్ను గుడ రమ్మన్నడు ఆడు. నువ్వే పోనన్నవ్.”

ఇప్పుడు ఆ ట్రైనింగ్ సంగతి ఎందుకో మధ్యలో. ఈ ఇంట్లో నాకు తప్ప అందరికీ వాడి మీద ప్రేమే.

అత్తమ్మను అడిగితే అంతకన్నా ఘోరం. “ఆని తల్లికి పాలు లేకుంటే నా రొమ్ము తాగి పెరిగిండు ఆడు. అసొంటి పని జెయ్యడు” అని గోడ వైపు తిరిగి పడుకుంది.

వాడి చేపలూ చావాలి. మిరుగుకు ముందే చావాలి. సంచులు పట్టుకుని వచ్చినవాళ్ళు వాడి గట్టు మీద నుంచి కూడా ఖాళీగా తిరిగి పోవాలి. అంతకు మించి నాకేం వద్దు.

మే 21, బుధవారం

చేశాను.

రాజమౌళి పెళ్ళాం పిల్లలతో బార్డోలీ పోయాడు, బావమరిది బిడ్డ తొట్టెల ఫంక్షన్‌కి. మిట్టమధ్యాహ్నం, గట్టు మీద కుక్క కూడా లేదు. చచ్చినవి వేస్తే తేలి దొరికిపోతాను. అందుకని చావబోయేవి ఏరాను, కళ్ళు తెల్లబడినా మొప్పలు ఇంకా ఆడుతున్నవి. పెయింట్ బకెట్‌లో మా నీళ్ళతోనే పోసి, పైన తడి గోనె కప్పి, కట్ట దాటాను. సున్నం కాళ్ళకు అంటుకుంది. వాడి చెరువులోనే కడుక్కున్నాను.

వంచేటప్పుడు ఒకటి తోకతో కొట్టింది, నీళ్ళు నా మొహాన పడ్డాయి. ఇంత సత్తువ ఉంటే మా చెరువులో ఏం చేసిందో అది. నీళ్ళు కూడా చివరి బొట్టు దాకా పోశాను.

కడుపు చల్లబడింది. చాలా రోజుల తర్వాత అన్నం మారు అడిగి తిన్నాను. అత్తమ్మ ఆశ్చర్యపోయి ఇంకో గరిటె పప్పు వేసింది.

మే 22

అవతల ఎగురుతున్నాయి.

మే 24

ఎగురుతూనే ఉన్నాయి.

మా చెరువులో చావు తగ్గింది. చావడానికి మిగిలినవే కొన్ని. ఓంప్రకాష్ పెద్ద చేపలు మాత్రం ఏమీ ఎరగనట్టు తిరుగుతున్నాయి.

మే 25, ఆదివారం

ఇప్పుడు అర్థమైంది! ఇన్నాళ్ళూ ఎంత మొద్దునయ్యాను.

మేడమ్ ఏం చెప్పింది? ఒకసారి తట్టుకున్న చేపను అదే జబ్బు మళ్ళీ పడగొట్టలేదని కదా. నేను అంత జబ్బు తీసుకెళ్ళి పోస్తే వాడి చేపల్లో ఒక్కటీ తేలలేదంటే అర్థమేంటి? అవి ఇదివరకే ఆ జబ్బు పడి లేచినవి. డిసెంబర్‌లో. వాటి రక్తానికి ఆ దొంగ మొహం తెలుసు. వాటికి తెలుసంటే వాడికీ తెలుసు.

వాడి చేపలు చావకపోవడమే సాక్ష్యం. చస్తే బాగుండుననుకున్నాను గానీ చావకపోవడమే ఎక్కువ మేలైంది. మిరుగు నాడు కోసాడ్ వాళ్ళందరూ ఉండగా గట్టు మీద నిలబెట్టి అడుగుతాను: నా చేపలన్నీ చచ్చాయి, కట్ట అవతల నీవెందుకు చావలేదురా? మేడమ్‌ను కూడా పిలిపిస్తాను. వాడి పెళ్ళాం ముందు, పటేల్ భాయ్ ముందు అడుగుతాను. నోరు పెగలకుండా తల వంచుకుని నిలబడాలి వాడు.

ఇవాళ మా ఆయనకు ఇదంతా చెబుదామని నోటి దాకా వచ్చింది. బకెట్ సంగతి కూడా చెప్పాల్సి వస్తుందని ఊరుకున్నాను.

మే 27, మంగళవారం

తేలాయి.

పొద్దున్న వాడి అరుపు విని పరుగెత్తాను. కళ్ళు తెల్లగా ఉన్నాయి, ఒళ్ళు నల్లగా ఉంది. అచ్చం నావే. రాజమౌళి మోకాళ్ళ లోతు నీళ్ళలో చేతులు వేలాడేసుకుని నిలబడ్డాడు. నేను కట్టకు ఇవతల నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాను. నాకు పండగలా ఉంది. ఎవరేమన్నా అనుకోనీ, ఇది నా డైరీ. నాకు పండగలా ఉంది.

మే 28

ఇవాళ ఇంకా ఎక్కువ.

మే 29

గట్టు నిండా పోశాడు. నా గట్టు మీదికన్నా ఎక్కువ. సాయంత్రం కట్ట దగ్గరికి వచ్చాడు. గడ్డం పెరిగింది, కళ్ళు గుంటలు పడ్డాయి.

“వదినె, నీకు మొదట్ల గిట్లనే అయిందా? ఏం జేసినవ్ నువ్వు?”

“ఏం జేస్తం. చూసుకుంట కూసున్న.”

పుండు మీద కారం అంటారే, అది నా చేత్తో చల్లాను. మండాల్సినవాడు మండలేదు. తల ఊపాడు.

“కొంగలు మోసుకొచ్చినట్టున్నయ్. నీ గట్టు మీద తిని నా నీళ్ళల్ల వాలినయ్. నేను కట్టకు సున్నం జల్లిన గని, ఆకాశానికి జల్లుతనా? నీ తప్పేమున్నది ఇందుల.”

ఇందుజ మేడమ్‌కు తనే ఫోన్ చేశాడట. మొన్న మొదటి చేప తేలిన రోజే రక్తం తీసుకుపోయిందట.

మే 31

మేత బస్తాలు వాడే మోసుకుపోయి దుకాణంలో వాపస్ ఇచ్చాడని అత్తమ్మ చెప్పింది. చెబుతూ ఏడ్చింది. నా చేపలు చచ్చినప్పుడు ఏడవలేదు.

జూన్ 2, సోమవారం

మేడమ్ వచ్చింది. రాజమౌళి ఇంట్లో లేడు, పెళ్ళాం పిల్లలను బార్డోలీలో దింపడానికి పోయాడు. అందుకని కబురు నాకు చెప్పింది.

“రాజమౌళి గారి చేపల రక్తం చూశామండి. ఈ వైరస్‌ను అంతకు ముందెప్పుడైనా చూసిన గుర్తు ఒక్కదాంట్లోనూ లేదు. కొత్త శత్రువు. అందుకే ఇంతలా ఊడ్చిపెట్టేసింది.”

“డిసెంబర్ల సచ్చినయి గద మేడమ్ ఆయనయి?”

“అది చలే అయ్యుంటుందండి. జిలేబీ చలికి ఆగదు. అప్పుడు ఈ జబ్బే వచ్చి ఉంటే బతికినవాటి రక్తంలో ఆనవాళ్ళు ఉండేవి, ఇప్పుడు ఇన్ని చచ్చేవీ కావు.”

నేను చేతిలో ఉన్న వల దండెం మీద వేశాను. జారి పడింది. మళ్ళీ వేశాను.

“ఇంకో మాట. మీ చెరువులో చిన్న చేపల రక్తంలోనూ ఏమీ లేదు. మేం తీసిన రోజుకు జబ్బు కొత్తది, రక్తానికి ఆయుధం తయారయ్యే టైమ్ లేదు. పెద్దవాటిలో మాత్రం బోలెడంత ఉంది. అవి అంతకు చాలా ముందే ఎక్కడో ఈ జబ్బు పడి లేచినవి. ఒంట్లో పెట్టుకుని వచ్చాయి. నిజంగా బయటివేమీ కలపలేదా?”

దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను. చివరికి చెప్పాను, ఓంప్రకాష్ తెచ్చినవని. మిరుగు కోసమని.

మేడమ్ పుస్తకంలో రాసుకుంది. నాలుగు మాటలు తిడితే నేనూ అరిచేదాన్ని. “బతికినవి మనుషులు తినొచ్చండి, ఏమీ కాదు. కానీ ప్రాణంతో ఇంకో చోటికి పోకూడదు” అని చెప్పి బండి ఎక్కింది. ప్రాణంతో అమ్మకూడదంటే మిరుగు నాడు అమ్మకూడదనే.

జూన్ 3

నేనే రాశాను. వాడి చేపలు చావకపోవడమే సాక్ష్యం అని, నా చేత్తో నేనే రాశాను. మరి చచ్చాయి కదా. ఒక్కటొక్కటే తేలి, రాజమౌళికి ఏమీ తెలియదని నాకు చెప్పాయి. నేను బకెట్ వంచకపోతే ఆ సంగతి ఎప్పటికీ తెలిసేది కాదు. అవి ఇంకా ఎగురుతూ ఉండేవి.

ఓంప్రకాష్‌ను వదలను. వాడి టెంపో తగలెట్టాలి. వాడికి తెలుసు.

తెలుసా? ఎక్కడో పెద్ద డ్యామ్ నీళ్ళలో బోనుల్లో పెంచినవాటిని తెచ్చి అమ్ముకునేవాడు. చలాకీగా ఉన్న చేపను చూసి జబ్బుందని వాడు మాత్రం ఎలా అనుకుంటాడు. మిరుగుకు పెద్దవి కావాలని వెంటపడింది నేను. చిన్నవాటితో కలిపి వేయొద్దని రాజమౌళి వెళ్ళిన ట్రైనింగ్‌లో చెప్పే ఉంటారు.

జూన్ 5

చెప్పాలి. మిరుగు అయ్యాక రాజమౌళికి చెబుతాను.

జూన్ 6

చెబితే ఏం ఒరుగుతుంది? అతని చేపలు లేచి ఈదుతాయా. కొంగలు అన్నాడు కదా. కొంగలే.

జూన్ 8, ఆదివారం. మిరుగు

పొద్దున్నుంచి కోసాడ్ వాళ్ళు వచ్చి పోతున్నారు. సంచులు మడిచి చంకలో పెట్టుకుని, రెండు గట్ల మీదా ఒక చూపు చూసి, ఇంకెక్కడైనా దొరుకుతాయేమోనని బండ్లు తిప్పుకుని పోయారు. నేను కోరుకున్నది అక్షరాలా జరిగింది.

పదింటికి రాజమౌళి మా ఇంటికి వచ్చాడు. కవర్‌లో నాలుగు చేపలు. అతని చెరువులో నిలబడినవాటిలోవి. మేడమ్ చెప్పిందని గట్టు మీదే చంపి, కడిగి, ఉప్పు పసుపు రాసి తెచ్చాడు.

“పెద్దవ్వా, మిరుగు నాడు నీ నోట్లె చేప ముక్క పడకుంటె ఎట్ల?”

“కూసో బిడ్డా. నీ పెండ్లాం గుడ లేకపాయె. తినే పో” అంది అత్తమ్మ.

నేను వండాను. చింతపులుసు పిసికి, ఎల్లిపాయ దంచి, మెంతిపొడి వేసి వండాను. ఉప్పు చూడలేదు, నోట్లో పెట్టుకోబుద్ధి కాలేదు. అత్తమ్మ, మా ఆయన, రాజమౌళి వరసగా కూర్చున్నారు. తలకాయ ముక్క రాజమౌళికి వేయమని అత్తమ్మ సైగ చేసింది. వేశాను.

“అన్నా, వచ్చే ఏడు రెండు చెరువుల కౌలు మనతోటి కాదు. ఇద్దరం గలిసి ఒక్కటి పడుదం. మేత నేను తెస్త, చూసుకునుడు వదినె చూసుకుంటది. వదినెకున్న కష్టం ఎవలకున్నది? దినాం పొద్దుగాల లేస్తది...”

ఇంకా ఏదో అంటున్నాడు. నా చేతిలో గరిటె ఉంది.

“కొంగలు కాదు రాజమౌళీ.”

“ఏంది వదినె?”

“కొంగలు కాదు, నేనే. నువ్వు బార్డోలీ పోయిన్నాడు రోగం చేపలు బకెట్ల తెచ్చి నీ చెరువుల గుమ్మరించిన.”

మా ఆయన “ఏం మాట్లాడుతున్నవే” అని సగం లేచాడు. రాజమౌళి లేవలేదు. ముద్ద చేతిలోనే ఉంది.

“ఎందుకు?”

“నువ్వు తెలిసి తెలిసి నాకు రోగపు పిల్లలను ఇచ్చినవనుకున్న.”

“ఇచ్చిన్నా?”

“ఇయ్యలే.”

ముద్ద కంచంలో పెట్టేశాడు. చెంబు అందుకుని, సగం కూడా తినని ఆ అన్నంలోనే చెయ్యి కడుక్కున్నాడు. “పోయొస్త పెద్దవ్వా” అని అత్తమ్మకు చెప్పాడు. మా ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. నా వైపు చూడకుండా చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

అత్తమ్మ అంది: “నా పాలు తాగినోడు నా ఇంట్ల కంచంల చెయ్యి కడిగిండు.” నేను ఆ కంచం తీసి కడిగాను. తిట్టమని కాళ్ళ దగ్గర కూర్చుంటే, కాళ్ళు వెనక్కి లాక్కుంది.

జూన్ 9, సోమవారం

రాజమౌళి ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఉంటే ఈపాటికి కాలనీ అంతా మా గుమ్మంలో ఉండేది. మా ఆయన నాతో మాట్లాడకుండా సచిన్ బస్సెక్కాడు.

చెరువు దగ్గరికి పోతే రాజమౌళి కట్టకు అవతల నిలబడి ఉన్నాడు. నన్ను చూశాడు. తర్వాత నా చెరువును చూశాడు, చాలాసేపు. ఆ చూపు నాకు తెలుసు. మే నెలంతా నేను అతని నీళ్ళను అలాగే చూశాను.

నా దాంట్లో మిగిలినవి జబ్బు పడి లేచినవి. ఏ బకెట్ తెచ్చి పోసినా వాటికిక ఏమీ కాదు. పగ తీర్చుకోవాలంటే అతను ఇంకేదైనా వెతుక్కోవాలి. వెతుక్కోనీ, అతనికి ఆ హక్కుంది.

సాయంత్రం చెరువు గేటుకు రోజూ వేసే తాళం ఇవాళ వేయకుండా ఇంటికి వచ్చాను.